రక్తము చిందని గాయము

పెదవేగి దిబ్బలమీద నిలిచి నలుదెసలు చూచువారికి నేడు తోటలు, పొలములు తప్ప వేఱేమియు కానరాదు. ఏలూరునకు ఉత్తరమున ఏడెనిమిది మైళ్ల దూరమున నున్న ఈ పల్లెయే ఒకప్పటి వేంగీపురము. శాలంకాయనులు ఇచ్చట నేలిరి. పిమ్మట తూర్పు చాళుక్యులు నేలిరి. దక్షిణమున కొల్లేరు. క్రీ. శ. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి కవి తన ప్రభువైన రెండవ పులకేశిని పొగడుచు, కునాళ సరస్సు నీరు యుద్ధమున చచ్చినవారి నెత్తుటితో రంగు మాఱెనని వర్ణించెను. ఆ కునాళము మన కొల్లేరే యని చరిత్రకారులు నిర్ణయించిరి. నీటిరంగును చూచిన కవి ఒడ్డుననున్న బంటును చూడలేదు. ప్రక్కవాడు పడిపోగా తాను మిగిలిన ఆ బంటు ఆ రాత్రి నిదురించెనా, స్వగ్రామమునకు మరలిన పిదప ఆలుబిడ్డలతో మునుపటివలె మాటలాడెనా యనునది ఏ శాసనమునను లేదు.

అదే వేంగి నేలిన రెండవ విజయాదిత్యుడు, నరేంద్రమృగరాజని బిరుదు వహించినవాడు, గాంగులతోను రాష్ట్రకూటులతోను పండ్రెండేండ్లు రేయింబవళ్లు పోరాడి 108 యుద్ధములు చేసెనని శాసనములు చెప్పుచున్నవి. ఆయన 108 శివాలయములు కట్టించెనని కూడ అవియే చెప్పుచున్నవి. రెండు సంఖ్యలును ఒకటే యగుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. యుద్ధమున కొకటిగా గుడి కట్టించిన రాజు మనస్సులో ఏదియో బరువు ఉండియుండవలెను. రాజుగారికి గుడి కట్టించుటకు ధనమున్నది. పండ్రెండేండ్లు ఆయన వెంట నడచిన కాల్బంటునకు ఏమున్నది?

ఈ ప్రశ్నను శాస్త్రముగా నడుగుట లోకమున మిక్కిలి యాలస్యముగా మొదలైనది. సైనికుని మనస్సును గూర్చిన విచారము, దూరదేశములకు దండు వెడలినపుడు వానికి కలుగు వ్యథను గూర్చిన పరిశోధనము, అది నడచిన త్రోవ, అందు మన తెలుగువారి పాలు ఎంతటిదో కొంత తెలిసికొనుట మన యిండ్లకు అవసరమని యీ వ్యాసము. గోదావరి మండలమున దండులోని కొడుకు జాబుకై ఎదురుచూచిన తల్లులు మూడు నాలుగు తరములనుండి కలరు.

మన భాషలో ఈ వ్యథకు మాటలు లేవని కాదు. బెంగ, దిగులు, బెదురు, జడుపు అను నాలుగును నాలుగు వేర్వేఱు స్థితులను చెప్పును. పిల్లవాడు చీకటిలో దేనినో చూచి జడిసి జ్వరము తెచ్చుకొన్నచో ఏ తల్లియు వానిని పిరికివాడని తిట్టదు. జడుపు జ్వరమని చెప్పి ఒడిలో పరుండబెట్టుకొనును. భయము దేహమును పట్టి కుదుపునని మన స్త్రీలకు తెలియును. కాని ఆ పిల్లవాడు ఇరువదియేండ్లవాడై భుజమున తుపాకి పెట్టుకొన్న దినమునుండి ఆ తెలివి మనయందు నశించును.

ఖడ్గతిక్కన కథ ఎఱుగని తెలుగువాడుండడు. నెల్లూరు మనుమసిద్ధి దండనాయకుడైన ఆయన, పుల్లరి తగవున కాటమరాజుతో పోరాడి, సేన నశింపగా ఇంటికి మరలెను. భార్య స్నానపుచోట మంచము మఱుగుపెట్టి పసుపు ముద్ద యుంచినదట. తల్లి విరిగిన పాలు వడ్డించినదట. ఆయన మరల రణమునకు బోయి మడిసెను. ఈ కథను మనము పాఠ్యపుస్తకములలో చదివి వీరమాతను, వీరపత్నిని మెచ్చుకొంటిమి. మెచ్చుకొనుటను నేను తప్పుపట్టను. ఆ కాలపు మర్యాదలు అట్టివి. అయితే, తన కన్నులయెదుట దండంతయు కూలిపోవుట చూచి వచ్చిన మనుష్యునకు ఇంట లభించినది పసుపు ముద్దయు విరిగిన పాలును మాత్రమే యనుట కూడ ఆ కథలోనే యున్నది. ఆ సగమును మనకెవ్వరును బోధింపలేదు. భారతమట్లు చేయలేదు. ఉత్తరుడు కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తగా అర్జునుడు వెంటబడి పట్టుకొని ధైర్యము చెప్పి, వానిచేతనే సారథ్యము చేయించెను. ఆ యర్జునుడే కురుక్షేత్రమున వణకెను. యుద్ధము గెలిచిన పిదప ధర్మరాజునకు రాజ్యము రుచింపలేదు. శాంతిపర్వమంతయు ఆ యరుచినుండి పుట్టినదే. భారతమును తెనిగింపజేసిన రాజరాజనరేంద్రుడు వేంగీ చాళుక్యవంశపువాడే కదా!

ఐరోపాలో ఈ విషయమున తొలి గ్రంథము 1688 లో బాసెలు నగరమున యోహనెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి వ్రాసినది. స్వదేశము విడిచి దూరమున నున్న స్విట్జర్లండు వారు, అందును పరరాజుల కొలువున నున్న కూలిసైనికులు, ఇంటి బెంగచే కృశించి మంచము పట్టుచుండిరి. ఆ వ్యాధికి ఆయన గ్రీకు మాటలు కూర్చి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టెను. తిరిగిపోవలెనను నొప్పి యని దాని యర్థము. నేడు ఆ మాటను పాతపాటలు విన్నపుడు వాడుచున్నారు గాని, పుట్టినపుడది రోగముపేరు. అటుపిమ్మట అమెరికా అంతర్యుద్ధమున సైనికులను పరీక్షించిన డా కోస్టా అను వైద్యుడు, గుండెలో ఏ లోపము లేకయే గుండె దడదడ కొట్టుకొనువారిని సుమారు 300 మందిని గూర్చి 1871 లో ప్రకటించెను. పేర్లు మాఱుచుండెను. బెంగ గుండెకెక్కినదనుట మాత్రము అన్ని పేర్ల లోపలను ఒకటే.

ఇక మన వైపునకు వత్తము. ఆంగ్లేయ కంపెనీ దండులో తొలి సిపాయిలలో తెలుగువారు హెచ్చు. 1756 లో క్లైవు మద్రాసునుండి వంగదేశమునకు తీసికొనిపోయిన సిపాయిలవలననే ఉత్తరాదిని సిపాయికి 'తిలంగా' అను పేరు వాడుకలోనికి వచ్చినది. అట్టి సిపాయిలు 1780 అక్టోబరు 3 వ తేదీన విశాఖపట్టణమున తిరుగబడిరి. ఆ సెప్టెంబరులో పొల్లిలూరువద్ద హైదరాలీ సేనలచే కంపెనీ దండు నాశనమయ్యెను. మద్రాసు రక్షణమునకు సర్కారు పటాలములోని వారిని ఓడ ఎక్కుడని ఆజ్ఞాపించిరి. వారు ఎక్కమనిరి, తుపాకులు తమ యధికారులవైపే త్రిప్పిరి, కొందఱు తెల్లవారు హతులైరి. కంపెనీ కాగితములలో అది తిరుగుబాటు, దానికి దండన, అంతటితో సరి. 1824 లో బారకుపూరున బర్మా యుద్ధమునకు పొమ్మన్నపుడు వంగదేశపు 47 వ పటాలము కదలకుండగా, వారిమీద ఫిరంగులు కాల్చి చెదరగొట్టిరి. ఎక్కడికి పోవుచున్నామో తెలియదు, ఎప్పుడు మరలుదుమో తెలియదు, వెనుకనున్నవారి గతి తెలియదు. ఈ మూడు తెలియకపోవుటలు మనుష్యుని ఎట్లు నలుపునో నేటి మనశ్శాస్త్రజ్ఞులు పుటలు పుటలుగా వ్రాయుచున్నారు. నాటి యధికారులకు తెలిసిన మాటలు రెండే: విధేయత, అవిధేయత.

అదే 1824 లో బర్మాకు మద్రాసు సిపాయిలు వేలకొలది ఓడలెక్కి పోయిరి. అచ్చట పోరులో చచ్చినవారికన్న జ్వరములతో, విరేచనములతో చచ్చినవారు పెక్కురు. వంగదేశపు వారికిని మద్రాసు వారికిని గల భేదమునకు కులాచారములను కారణముగా చెప్పుట పరిపాటి. మఱియొక కారణమును చూడవలసియున్నది. మద్రాసు సిపాయి శాంతికాలమున కంటోన్మెంటు మాఱినపుడెల్ల ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని నడచెడివాడు. పటాలము వెంట బండ్లు, బండ్లపై ముసలివారు, పిల్లలు. ఈ పద్ధతిని చూచి పిదపటి యధికారులు ఇది దండా, సంతా యని యెకసక్కెములాడిరి, ఖర్చనిరి, అడ్డమనిరి. ఆ సంతయే ఆ సిపాయికి మందు. పటాలమే ఊరు గనుక ఊరు విడిచిన బెంగ వానికి సగమే. దండు మనస్సును కాపాడు సాధనములలో తోడివారి బంధము మొదటిదని నేడు తేల్చినదానిని, లెక్క తెలియకుండ, మన సిపాయిల భార్యలు బండిలో కూర్చుండి సాధించిరి.

పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంకొక విచిత్రము జరిగినది. రాబర్ట్సు సేనాని 1881 నుండి 1885 వఱకు మద్రాసు సేనకును, పిమ్మట 1893 వఱకు భారతసేనకంతకును అధిపతిగా నుండెను. కొన్ని జాతులే యుద్ధమునకు పుట్టినవి, దక్షిణాదివారు మెత్తబడిపోయిరని ఆయన నిశ్చయము. ఆ మతము ప్రబలి తెలుగువారిని దండులో చేర్చుకొనుట క్రమముగా తగ్గించిరి. ఇదియును ఒక విధమైన మనశ్శాస్త్రమే. కొలత లేదు, పరీక్ష లేదు, ముక్కును చెవులును చూచి ధైర్యమును నిర్ణయించు శాస్త్రము! తిలంగా యని సిపాయికే పేరిచ్చిన జాతిని పిరికిదని త్రోసివేయుటకు ఒక సేనాధిపతి అభిప్రాయము చాలెను. తరువాతి రెండు మహాయుద్ధములు ఈ శాస్త్రమును తుత్తునియలు చేసినవి. రెండవదానిలో మద్రాసు రెజిమెంటును మరల నిలుపవలసివచ్చెను.

మొదటి మహాయుద్ధమే సైనిక మనశ్శాస్త్రమునకు నిజమైన పుట్టిల్లు. 1915 ఫిబ్రవరిలో ఛార్లెస్ మైయర్సు అను వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ముగ్గురు సైనికులను గూర్చి వ్రాయుచు 'షెల్ షాక్' అను మాటను అచ్చున కెక్కించెను. ఫిరంగిగుండు దగ్గర పేలినది. దేహముపై గాయము లేదు. చూపు మందగించినది, వాసన తెలియదు, జరిగినది జ్ఞప్తికి రాదు. గుండు పేలిన యదటుకు మెదడు చెదరెనని మొదట తలంచిరి. కాని గుండ్లు పేలని చోటులనుండియు ఇట్టివారే వచ్చుచుండిరి. మాట మంచిది కాదని మైయర్సే పిదప తలపోసెను. 1917 లో సేనాధికారులు దానిని వాడరాదని కట్టడి చేసిరి. పేరు తీసివేసిన రోగము తీసివేసినట్లే యని కార్యాలయములు నమ్ముట అన్ని దేశములందును ఉన్నదే.

ఆ యుద్ధమున మనవారి విషయమున జరిగిన ఒక సంగతి వివరముగా చెప్పదగినది. 1914 శరత్కాలమున భారత దళములు ఫ్రాన్సు చేరినవి. వేసవి బట్టలతో వచ్చినవారు ఫ్లాండర్సు బురదలో, మంచులో కందకములలో దిగిరి. కొన్ని వారములలోనే ఆస్పత్రులకు వచ్చుచున్న సిపాయిలలో చేతిగాయములు మిక్కిలి హెచ్చుగా నున్నవని అధికారులు గమనించిరి. వీరు తమ్ముతామే కాల్చుకొనుచున్నారను అనుమానము పుట్టినది. అనుమానమునకు ఆధారము మరల ఆ జాతిశాస్త్రమే. ఇంగ్లండులో బ్రైటన్ నగరమునందలి కిచెనరు భారతీయ ఆస్పత్రికి అధిపతియైన కర్నల్ బ్రూస్ సీటన్, 1915 లో వేయి గాయములను ఒక్కొక్కటిగా పరీక్షించి రహస్యనివేదిక వ్రాసెను. సిపాయిలు విరివిగా తమ్ము గాయపఱచుకొనుచున్నారను వాదమునకు నిదర్శనము లేదని తేల్చెను. కందకములో నిలిచి కాల్చువానికి దేహమంతయు మట్టిగోడ చాటున నుండును. పైకి కనబడునవి తలయు చేతులును గదా! మన సిపాయి మానమును కాపాడినది ఆ లెక్కలపట్టిక. శాస్త్రము చేయదగిన పని యనగా నిట్టిది. ఒక జాతి మీద వేసిన నిందను వేయి గాయములు లెక్కించి తొలగించుట చిన్న సంగతి కాదు.

సిపాయిల మనస్సులలో ఏమున్నదో తెలిసికొనుటకు సర్కారువారికి ఇంకొక దారి యుండెను. వారు ఇండ్లకు వ్రాయు జాబులను బులోన్ పట్టణమున కూర్చున్న తనిఖీదారులు విప్పి చదువుచుండిరి. జాబులలో హెచ్చు పంజాబు, సరిహద్దు ప్రాంతములవారివి. తనిఖీ యున్నదని తెలిసి సిపాయిలు మాటలు మార్చి వ్రాసిరి: నల్లమిరియములు అయిపోవుచున్నవి, ఎఱ్ఱమిరపకాయలు అప్పుడప్పుడు వచ్చుచున్నవి యనగా భారత సిపాయిలు నశించుచున్నారని, తెల్లవారు కొలదిగా దిగుచున్నారని యర్థము. తమ్ముని చేర్పింపకుడని ఇంటికి హెచ్చరిక చేయుటకు వంటింటి సరకులే సాయపడినవి. 1915 చివర పదాతి దళములను ఫ్రాన్సునుండి తీసి మెసపొటేమియా మొదలగు చోటులకు పంపిరి. అచ్చట కూట్ ముట్టడిలో ఆకలి పాలై 1916 ఏప్రిల్ 29 న లొంగిపోయినవారి కథ వేఱు.

వైద్యము రెండు త్రోవల నడచినది. స్కాట్లండులో క్రెయిగ్‌లాకార్టు ఆస్పత్రిని రివర్సు అను వైద్యుడు అధికారులను కూర్చుండబెట్టి, మఱచిపొమ్మని చెప్పక, జరిగినదానిని మెల్లమెల్లగా చెప్పించి బరువు దింపుచుండెను. సామాన్య సైనికునకు అంత తీరిక వైద్యము ఎక్కడిది! అనేకులకు కరెంటుతో పొడుచుటయు, గద్దించుటయు వైద్యములైనవి. కొందఱకు అదియును లేదు. పారిపోవుట, పిరికితనము మొదలగు నేరములకై ఆ యుద్ధమున బ్రిటిషు సేనలో కాల్చిచంపబడిన 306 మందికి 2006 లో క్షమ ప్రకటించిరి. తొంబదియేండ్ల పిమ్మట! 1921 నాటికి బ్రిటనులో నరముల దౌర్బల్యము పేర పింఛను పొందుచున్న మాజీ సైనికులు సుమారు 65,000 మంది. ఆ యుద్ధముననే తేలిన వైద్యసూత్రము ఒకటి నేటికిని నిలిచియున్నది. అలసి చెదరినవానిని దూరపు ఆస్పత్రికి పంపక, వరుసకు దగ్గరనే, వెంటనే, నీవు బాగుపడి నీవారిని కలిసికొందువను నమ్మకమిచ్చి విశ్రాంతి నీయవలెను. అమెరికా వైద్యుడు థామస్ శామన్ దీనికి రూపమిచ్చినవాడు.

రెండవ మహాయుద్ధము వచ్చునప్పటికి ఒక కొత్త యాశ పుట్టినది. బలహీనుని ముందుగానే ఏరివేసినచో చెదరువాడే యుండడు గదా యని. అమెరికావారు మనోదౌర్బల్యము పేర పది లక్షలకు మించి యువకులను త్రోసివేసిరి. అయినను చెదరువారి సంఖ్య మొదటి యుద్ధముకన్న హెచ్చెను. ఏరుటవలన ప్రయోజనము స్వల్పమని, ఎంతటివానికైనను ఒక హద్దున్నదని అప్పుడు తేలినది. ఎడతెగక పోరాడు కాల్బంటు 200 నుండి 240 దినములలో పనికిరాకుండ అరిగిపోవునని 1946 లో ఆప్పెల్, బీబీ అను వారు లెక్క కట్టిరి. అరుగుట యనుమాట గమనింపదగినది. బండియిరుసు అరిగినచో దానిని పిరికి యిరుసు అనుమా? ఆ తెలివి సేనానులకు కూడ వెంటనే ఎక్కలేదు. 1943 ఆగస్టులో సిసిలీ ఆస్పత్రిలో పాటన్ సేనాని ఇట్టి రోగులనిద్దఱను చెంపపై కొట్టెను. అందొకనికి మలేరియా జ్వరము కూడ నుండెను. సేనానిచేత క్షమాపణ చెప్పించిరి.

మనదేశమున సైనిక మనశ్శాస్త్రము ఆ 1943 లోనే డెహరాడూనున మొదలైనది. అంతకు ముందు అధికారిపదవికి ఒక ముఖాముఖి ప్రశ్నోత్తరము చాలెడిది. వంశము, నడవడి, ఇంగ్లీషు ఉచ్చారణ చూచి నిర్ణయించెడివారు. ఇప్పుడు బొమ్మ చూపి కథ వ్రాయుమనుట, మాట చెప్పి మనస్సున తోచినది వ్రాయుమనుట, నాయకుని నియమింపక పదిమందికి ఒక పని యప్పగించి ఎవడు ముందుకు వచ్చునో చూచుట అను పద్ధతులు బ్రిటనునుండి వచ్చినవి. నేడు మన యువకులు సెలక్షను బోర్డులలో ఎదుర్కొను పరీక్షలు వీని సంతతియే. 1949 లో మనోవిజ్ఞాన పరిశోధన విభాగము ఏర్పడి, 1962 లో పెరిగి, 1982 లో రక్షణ మనోవిజ్ఞాన పరిశోధన సంస్థయను పేరు దాల్చినది. ఎంపికతో మొదలైన సంస్థ, మంచుకొండల ఒంటరితనము, అంతర్యుద్ధపు ప్రాంతములలోని ఒత్తిడి మున్నగు విషయములను గూర్చి విచారించుటకు మెల్లగా వచ్చినది. చేర్చుకొనునపుడు చూపిన శ్రద్ధ ఇంటికి పంపునపుడు చూపుట ఏ దేశపు సేనకైనను ఆలస్యముగానే అలవడినది.

బర్మా సరిహద్దున పదునాలుగవ సేనను నడపిన స్లిమ్ సేనాని వ్రాసిన లెక్క ఒకటి కలదు. 1943 లో గాయపడి వెనుకకు వచ్చిన ఒక్కొక్కనికి, రోగముచే వచ్చినవారు నూటయిరువది మంది. వరుసల వెనుక కొలది మైళ్లలోనే చికిత్సాస్థానములు పెట్టించి, వారములలో నయము చేసి తిరిగి పంపు ఏర్పాటు ఆయన చేసెను. మనస్సు చెదరినవారికిని ఆ దండులో వరుసలకు సమీపమున కేంద్రములుండెను. ఇది శామన్ సూత్రమే. మనదేశమున పౌరుల స్థితి ఎట్లుండెనో 1946 నాటి భోర్ సంఘ నివేదిక చెప్పును: నలువదికోట్ల జనమునకు మానసిక చికిత్సాలయములలో పదివేల పడకలు. దండులో నున్నంతవఱకు వైద్యుడు దగ్గర, ఇల్లు చేరిన పిదప మండలమంతటను లేడు.

ఈ మాట మన మండలమున ఎవ్వరికి తగులునో తాడేపల్లిగూడెము చుట్టుప్రక్కల వారు ఎఱుగుదురు. ఆ పట్టణమునకు చేరువను మాధవరమను గ్రామమున్నది. మిలిటరీ మాధవరమని దానికి వాడుక పేరు. పూర్వము ఆరుగొలను కోట కాపుదలకై తెచ్చి నిలిపిన బంట్ల సంతతి యని ఊరివారు చెప్పుకొందురు. మొదటి మహాయుద్ధమునకు తొంబదిమంది, రెండవదానికి వేయిమందికి పైగా పోయిరని వారి లెక్క. ఇంటికొక సిపాయి యనుట ఆ యూరి విషయమున అతిశయోక్తి కాదు. స్వాతంత్ర్యానంతరపు యుద్ధములన్నిటను ఆ యూరివారుండిరి. చచ్చినవారికై స్మారకచిహ్నము కట్టుకొనిరి. 1942 ఏప్రిల్ 6 న జపాను విమానములు విశాఖ, కాకినాడలపై బాంబులు వేసినపుడు గోదావరి తీరవాసులు మూటలు కట్టుకొని లోపలి యూళ్లకు పరుగెత్తిరి. అదే సమయమున ఈ యూరి యువకులు బయటికి నడచుచుండిరి. తాడేపల్లిగూడెమున ఆ యుద్ధకాలపు విమానపుదారి గుర్తులు ఇప్పటికిని కలవు.

సైనికుల యూరునందు ఒక మేలున్నది. తిరిగివచ్చినవాడు చెప్పకున్నను గ్రహించువారు అరుగుమీద నలుగురుందురు. పటాలమే ఊరైన మద్రాసు సిపాయి స్థితికి ఇది సమీపము. ఆ మేలు లేనిది ఊరికొక్కడుగా దండుకు పోయినవాని యింట. కొల్లేటి లంకలలోని యొక పల్లెనుండి ఒక్కడు సియాచిన్ మంచుకు పోయి వచ్చెననుకొందము. అచ్చట 1984 నుండి మన దళములున్నవి. ఇంటికి వచ్చినవాడు రాత్రులు లేచి వాకిట తిరుగును. తలుపు చప్పుడైన అదరిపడును. పెండ్లిలో బాణసంచా కాల్చినచో గదిలో దూరును. పిల్లలమీద కేకలు వేసి, మఱునిమిషమున తానే కుమిలిపోవును. అమెరికావారు వియత్నాము యుద్ధమునుండి మరలిన సైనికుల యాందోళనమువలన 1980 లో ఈ లక్షణములన్నిటిని ఒకచోట చేర్చి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని వైద్యగ్రంథమున చేర్చిరి. మన యింట దానికి పేర్లు వేఱు: గాలి సోకినది, ఎవరో చేసిరి, పొగరెక్కినది. తాయెత్తు కట్టించువారు కొందఱు. పెండ్లి కానివాడైనచో పెండ్లి చేసిన కుదురుననువారు మఱికొందఱు. ఆ వైద్యమునకు బలియగునది ఊరు పేరు తెలియని పదునెనిమిదేండ్ల పిల్ల. అన్నిటికన్న సులభమైన మందు సీసాలో నున్నది. చౌకగా దొరకు క్యాంటీను రమ్మును దేశభక్తి ప్రసాదమువలె ఇంటింట పంచుకొను వేడుకను మనము ఎగతాళిగా చూచి ఊరకున్నాము. నిదుర పట్టనివాడు దానిని మందుగా త్రాగుచున్నాడని గ్రహించువారు అరుదు.

శాస్త్రజ్ఞులు వందయేండ్లకు పైగా చేసిన పరిశ్రమలో తేలినదానిలో చాలభాగము గృహస్థులకు తెలియదగినదే. దండులో నున్నవానిని నలుపునది తుపాకిగుండు మాత్రమే కాదు. సెలవు ఎప్పుడో తెలియకుండుట, నిదుర లేమి, పై యధికారిమీద నమ్మిక లేకుండుట, ఇంటినుండి వచ్చు తగవుల వార్త. సైనికుల ఆత్మహత్యలను గూర్చి పార్లమెంటున రక్షణశాఖవారిచ్చు సమాధానములలో కుటుంబసమస్యలు, దాంపత్యకలహములు, ఋణములు తఱచుగా కనబడుచున్నవి. అనగా సరిహద్దుననున్న గుడారములోనికి మన చావడి తగవులు టెలిఫోనులో నడచిపోవుచున్నవి. దాయాదులు గట్టు జరిపిరని తండ్రి, అత్తగారితో పొసగదని భార్య, రాత్రి పదిగంటలకు చెప్పుదురు. అతడు తెల్లవార్లు కావలి కాయవలెను. వ్యాజ్యముల విషయమున చట్టమొకటి సాయపడును. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ప్రకారము, యుద్ధమునందో ప్రత్యేకస్థితులయందో సేవచేయుచున్న సైనికుడు కోర్టునకు రాలేనపుడు విచారణ నిలుపుమని కోరవచ్చును. ఆ చట్టమున్నదని తెలిసి, న్యాయవాదిచే కోరించు కుటుంబములు కొలదిగానే యుండునని నా నమ్మకము. 2022 లో ప్రారంభమైన టెలీ మానస్ అను సర్కారు ఏర్పాటువలన 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మనోవైద్య సలహా పొందుటయు సాధ్యమైనది. భర్త యొప్పుకొననిచో భార్యయే చేయవచ్చును.

ఇక పింఛను సంగతి. చేయి తెగినవానికి పింఛను నిచ్చుటకు ఎవ్వరును వాదింపరు. మెదడునకో, మనస్సునకో వ్యాధి వచ్చి దండునుండి పంపివేయబడినవానితో, ఇది నీ పుట్టుకతో వచ్చినది, కొలువువలన రాలేదని వైద్యమండలి వ్రాసి పంపుట చిరకాలముగా జరిగినది. సిగ్నల్ దళమున 1985 లో చేరి, మూర్ఛవ్యాధి కారణముగా 1994 లో పంపివేయబడిన యొక సిపాయి సుప్రీంకోర్టు వఱకు పోయెను. 2013 జూలైలో ఆ న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పినది. చేరినపుడు చేసిన వైద్యపరీక్షలో ఆ వ్యాధి వ్రాయబడనిచో అది కొలువులో వచ్చినదనియే యెంచవలెను. కాదని నిరూపించు భారము సర్కారువారిది. సందేహముండినచో సిపాయికే యనుకూలముగా చూడవలెను. మూర్ఛకు చెప్పిన ఈ న్యాయము మనోవ్యాధులకును ఆధారమైనది. 2023 సెప్టెంబరులో నిబంధనలను మార్చిరి గనుక, కొలువు విడిచిన తేదీనిబట్టి తమకేవి వర్తించునో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారించుకొనవలెను. అందులకు ముఖ్యముగా కావలసినది చేరిననాడు వైద్యుడు వ్రాసిన పరీక్షాపత్రపు నకలు. పతకములను గోడకు తగిలించి ఆ కాగితమును చెదలకు వదలిన యిండ్లు పెక్కు కలవు. ఇంటి యిల్లాలు దానిని పొలము పట్టాతోపాటు ట్రంకుపెట్టెలో, అడుగున కాక పైననే, పెట్టుకొనవలెను.